వడదెబ్బను ముందే పసిగట్టే పరికరాలు: శ్రామిక రక్షణలో వాటి సామర్థ్యం, పరిమితులు

గునపం పట్టి మట్టి తవ్వే మనిషి దేహానికి వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. పైనుంచి ఎండ కాస్తుండగా, కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా పనిగా మారకుండా వేడిగానే మిగిలిపోతుంది గనుక లోపలి నుంచి కూడా వేడి పుడుతూనే ఉంటుంది. ఈ రెండింటినీ బయటికి పంపడానికి దేహానికి ఉన్న ప్రధాన మార్గం చెమట ఆరడం. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి ఒంటి నుంచి తొలగిపోతుంది. గాలిలో తేమ ఎక్కువై ఆ చెమట ఆరకుండా కారిపోతే మాత్రం నీరూ ఉప్పూ పోతాయి, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. దేహాంతర ఉష్ణోగ్రత, అంటే గుండె, మెదడు, కాలేయం వంటి లోపలి అవయవాల ఉష్ణోగ్రత, 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవవలసింది 40 దాటి, మాట తడబడటం, మతి తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే వైద్యులు దాన్ని వడదెబ్బగా పరిగణిస్తారు.

సమస్య విస్తృతిని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ప్రకటించిన అంచనాలు తెలుపుతాయి: ప్రపంచంలో 241 కోట్ల మంది శ్రామికులు పనిచేసేచోట మితిమీరిన వేడికి గురవుతున్నారు, ఏటా 2.28 కోట్ల గాయాలు, దాదాపు 19 వేల మరణాలు దీనివల్ల సంభవిస్తున్నాయి. అదే సంస్థ 2019 నివేదిక 2030 నాటికి భారతదేశం వేడి వల్ల 5.8 శాతం పని గంటలను, అంటే 3.4 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమైన శ్రమను, కోల్పోవచ్చని లెక్కగట్టింది. 2015 మే నెల వడగాడ్పుల్లో దేశంలో నమోదైన రెండు వేలకు పైగా మరణాల్లో అత్యధికం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే సంభవించాయి గనుక తెలుగు నేలకు ఈ అంకెలు పరాయివి కావు.

వడదెబ్బలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ప్రమాదాన్ని గుర్తించవలసిన మెదడే వేడికి ముందుగా మందగిస్తుంది కాబట్టి, మనిషి తన పరిస్థితిని తాను సరిగా అంచనా వేసుకోలేడు. తల దిమ్ముగా ఉందనిపించినా, ఇంకో పది తట్టలు మోసి కూర్చుందామనుకుని కుప్పకూలిన వారి ఉదంతాలు ప్రతి వేసవిలో వినబడతాయి. ఒంటి మీద ధరించే పరికరం ఒకటి మనిషి కంటే ముందు ప్రమాదాన్ని పసిగట్టి హెచ్చరించగలిగితే బాగుండునన్న ఆలోచనకు మూలం ఇక్కడే ఉంది. గత పదిహేనేళ్లలో ఈ ఆలోచన మణికట్టు పట్టీలుగా, దండకు కట్టుకునే పట్టీలుగా, చెవిలో పెట్టుకునే బిళ్లలుగా, చర్మానికి అంటించే చెమట పట్టీలుగా మార్కెట్లోకి వచ్చింది. వీటిని సమీక్షించేటప్పుడు మూడు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఇవి ఒంటి వేడిని ఎంత నమ్మకంగా చెబుతాయి? ఒంట్లోని నీటిని ఎంత నమ్మకంగా చెబుతాయి? చెప్పినప్పుడు పని ఆగుతుందా? మొదటిదానికి వచ్చే జవాబు ఒక మాదిరిగా, రెండోదానికి వచ్చేది చాలా బలహీనంగా ఉండగా, మూడోది అసలు పరికరం చేతిలోనే లేదు.

పరికరాలకు ముందు వాతావరణాన్ని కొలిచే పద్ధతి ఉంది. 1950లలో అమెరికా మెరైన్ దళాల శిక్షణ కేంద్రమైన పారిస్ ఐలండ్‌లో కొత్తగా చేరినవారు కవాతుల్లో వడదెబ్బకు కూలిపోతుండగా, యాగ్లౌ, మినార్డ్ అనే పరిశోధకులు తడి బల్బు గోళ ఉష్ణోగ్రత అనే సూచికను రూపొందించి 1957లో ప్రచురించారు. తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెలో 70 శాతం, ఎండ ధాటిని పట్టే నల్లని లోహపు గోళంలోని అంకెలో 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతలో 10 శాతం కలిపితే ఈ సూచిక వస్తుంది. తడి బల్బు 29, నల్ల గోళం 48, గాలి 40 డిగ్రీలు చూపితే సూచిక 33.9 అవుతుంది. రేడియోలో చెప్పే 40 కంటే ఈ 33.9 చిన్న అంకెగా కనిపించినా, బరువు పని చేసేవారికి అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతించే హద్దులన్నిటినీ అది దాటిపోయింది. తేమకు ఇంత పెద్ద వాటా ఇవ్వడంలోనే ఈ సూచిక బలం ఉంది. రామగుండంలో 44 డిగ్రీల పొడి ఎండ కన్నా విశాఖ తీరంలో 37 డిగ్రీల ఉక్కపోత కొన్నిసార్లు ఎందుకు ఎక్కువ హాని చేస్తుందో దీని ద్వారా తేలుతుంది. అయితే ఒక పనిస్థలానికంతటికీ ఇది ఒకటే అంకె. ఇరవై ఏళ్ల కుర్రవాడికీ, మధుమేహం ఉన్న యాభై అయిదేళ్ల మేస్త్రికీ, నిన్ననే ఊరి నుంచి వచ్చి చేరిన కూలీకీ అదే అంకె వర్తిస్తుంది. ఒంటిమీది పరికరం పూరిస్తానని ముందుకు వచ్చిన లోటు ఇదే.

రోజుల తరబడి సాగే బరువు పనుల్లో దేహాంతర ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటనివ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 1969లోనే సూచించింది. ఆ ఉష్ణోగ్రతను నిక్కచ్చిగా కొలవాలంటే గుదద్వారంలోనో అన్నవాహికలోనో ఉష్ణమాపకం ఉంచాలి, పనిస్థలంలో అది సాధ్యపడదు. 1980లలో అమెరికాలో నాసా, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల కలిసి మింగే మాత్ర రూపంలో ఒక ఉష్ణమాపకాన్ని తయారుచేశాయి. 1998లో డిస్కవరీ నౌకలో అంతరిక్షానికి వెళ్లిన 77 ఏళ్ల జాన్ గ్లెన్ అలాంటి మాత్రనే మింగారు. పేగుల్లో ప్రయాణిస్తూ రేడియో సంకేతాలు పంపే ఈ మాత్ర ఇప్పటికీ పరిశోధనల్లో మేలిమి కొలబద్దగా నిలుస్తున్నా, రోజువారీ వాడకానికి పనికిరాదు. ఒకసారి వాడితే అయిపోతుంది, ఖరీదు ఎక్కువ, ఎంఆర్‌ఐ పరీక్ష చేయించుకోవలసినవారు మింగకూడదు, పైగా అది ఇంకా కడుపులో ఉండగానే చల్లటి నీళ్లు తాగితే చూపే అంకె అమాంతం పడిపోతుంది.

అందువల్ల బజారులో దొరికే పరికరాలన్నీ దేహాంతర ఉష్ణోగ్రతను కొలవకుండా ఊహిస్తాయి. ఊహించే పద్ధతుల్లో ఎక్కువ ప్రచారం పొందినది గుండె వేగం మీద ఆధారపడినది. ఒళ్లు వేడెక్కినకొద్దీ రక్తం అటు కండరాలకూ ఇటు చర్మానికీ సరఫరా కావలసి ఉంటుంది గనుక గుండె వేగం పెరుగుతుంది. నిమిష నిమిషానికీ నమోదైన ఈ వేగాల వరుసను బట్టి, ముందరి అంచనాను కొత్త కొలతతో సవరించుకుంటూ పోయే కాల్మన్ వడపోత అనే గణిత పద్ధతితో లోపలి ఉష్ణోగ్రతను లెక్కగట్టవచ్చని అమెరికా సైన్యపు పరిశోధకుడు బుల్లర్, అతని సహచరులు 2013లో చూపారు. సగటున వారి అంచనాలో తేడా లేనట్లే, 0.03 డిగ్రీలు మాత్రమే. కాని విడివిడిగా చూస్తే నూటికి తొంభై అయిదు అంచనాలు అసలు విలువకు అటూ ఇటూ 0.63 డిగ్రీల లోపల పడ్డాయి. ఈ రెండో అంకెకు పనిస్థలంలో అర్థం ఏమిటో చూడాలి: పరికరం 38.2 అని చూపినప్పుడు మనిషి లోపల 37.6 ఉండవచ్చు, 38.8 కూడా ఉండవచ్చు. మొదటిది మామూలు శ్రమ, రెండోది వెంటనే నీడకు చేర్చవలసిన స్థితి. వందమంది గుంపు సగటును చెప్పడానికి చాలినంత మంచి సాధనం ఒక్క మనిషి ప్రాణం విషయంలో తడబడుతుందన్న ఈ సంగతిని తయారీదారుల కరపత్రాలు సాధారణంగా ప్రస్తావించవు.

గుండె వేగాన్ని తీసుకునే తీరులోనూ ఇబ్బందులున్నాయి. మణికట్టు పట్టీలు చర్మంలోకి పచ్చటి కాంతిని పంపి, రక్తం పోటెత్తినప్పుడల్లా తిరిగివచ్చే కాంతిలోని మార్పును లెక్కిస్తాయి. రాళ్లు కొట్టే సుత్తి దెబ్బకూ, కాంక్రీటు పగలగొట్టే యంత్రపు అదురుకూ ఆ లెక్క చెదిరిపోతుంది. చర్మంలోని మెలనిన్ పచ్చటి కాంతిని పీల్చుకుంటుంది గనుక నల్లని చర్మం గలవారిలో సంకేతం పలచబడుతుంది. అందుకే పారిశ్రామిక పరికరాలను మణికట్టు నుంచి దండకూ, ఛాతీకీ, చెవికీ మార్చారు. వీటన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కాబట్టి, ఆ మాత్ర వేసుకునే శ్రామికుడి ఒళ్లు నిజంగా వేడెక్కుతున్నా పరికరం నిదానంగానే ఉందని చూపుతుంది. ఎవరికి రక్షణ ఎక్కువ కావాలో వారి దగ్గరే ఆ పద్ధతి మౌనం వహించడం చిన్న విషయం కాదు. చర్మం గుండా బయటికి పోయే వేడి ప్రవాహాన్ని కొలిచే మరో తరహా పరికరాలకు మందుల బెడద లేకపోయినా, నెత్తిన ఎండ, కొలిమి సెగ నేరుగా తగిలే చోట ఆ ప్రవాహమే తలకిందులవుతుంది.

ఇక నీటి సంగతి. చెమట పట్టీల వెనుక ఉన్న ఇంజనీరింగు ప్రశంసనీయమైనదే. 2016లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ రోజర్స్ బృందమూ, అదే ఏడాది బర్క్‌లీలో అలీ జావే, వెయ్ గావో బృందమూ వేర్వేరు దారుల్లో ఈ రంగాన్ని మలుపు తిప్పాయి. రోజర్స్ పట్టీ మెత్తని సిలికోను బిళ్ల. దాని అడుగున ఉన్న సన్నని రంధ్రం గుండా చెమట ఒత్తిడితో పైకి ఎక్కి, వెంట్రుకవాసి కాలువల్లో పాకుతూ పోతుంది, ఎంత దూరం పాకిందో చూస్తే ఎంత చెమట పట్టిందో తెలుస్తుంది, దారిలో ఉన్న రసాయనాల రంగు మార్పు ఉప్పు శాతాన్ని సూచిస్తుంది. బర్క్‌లీ పట్టీ సోడియం, పొటాషియం, లాక్టేట్, గ్లూకోజులను విద్యుత్ సంకేతాలుగా మార్చి ఫోనుకు పంపుతుంది. ఈ పరిజ్ఞానం మొదట ఆటగాళ్ల కోసం మార్కెట్లోకి వచ్చి, తర్వాత చమురు, నిర్మాణ రంగాల వైపు మళ్లింది.

ముంజేతి మీద ఒక చదరపు అంగుళంలో పట్టిన చెమట ఒళ్లంతటికీ ప్రతినిధి కాదన్నది తొలి అభ్యంతరం. నుదురు, వీపు, తొడ, ముంజేయి వేర్వేరు వేగాల్లో చెమర్చుతాయి కనుక సవరణ లెక్కలు అవసరమవుతాయి, ఆ లెక్కలు చాలావరకు విదేశీ క్రీడాకారుల కొలతల నుంచి పుట్టినవి. చెమటలో ఉప్పు శాతం కూడా స్థిరంగా ఉండదు. చెమట నెమ్మదిగా పట్టినప్పుడు గ్రంథి నాళం ఉప్పును తిరిగి పీల్చుకుంటుంది, ధారగా కారినప్పుడు అంత వ్యవధి దొరకదు, వేడికి అలవాటుపడినవారి చెమటలో ఉప్పు తగ్గుతుంది.

అసలు అభ్యంతరం ఇంతకంటే మౌలికమైనది. చెమట పట్టీ పోయిన నీటిని మాత్రమే లెక్కిస్తుంది. మిగిలిన నీటిని, వచ్చిన నీటిని లెక్కించలేదు. 60 కిలోల బరువున్న కూలీ గంటకు 800 మిల్లీలీటర్ల చొప్పున ఆరు గంటలు చెమర్చి, మధ్యలో మూడు లీటర్ల నీళ్లు తాగాడనుకుంటే, పోయినది 4.8 లీటర్లు, నికర నష్టం 1.8 లీటర్లు, అంటే దేహ బరువులో 3 శాతం. రెండు శాతం దాటితే పని సామర్థ్యమూ, వేడిని తట్టుకునే శక్తీ తగ్గుతాయని శరీర ధర్మ శాస్త్రం సాధారణంగా అంగీకరిస్తుంది. ఈ లెక్క పట్టీ నుంచి రావాలంటే అతడు ఎంత తాగాడో ఎవరో రాసిపెట్టాలి. పైగా పనిలోకి వచ్చేటప్పటికే అతడి ఒంట్లో నీరు తక్కువగా ఉంటే ఈ లెక్క మొదటి అడుగులోనే తప్పుతుంది. ఉదయం మూత్రపు సాంద్రతను పరీక్షించిన అనేక దేశాల అధ్యయనాల్లో శ్రామికుల్లో గణనీయమైన భాగం, నీటి కొరతకు గుర్తుగా పరిగణించే 1.020 హద్దును పని మొదలవకముందే దాటి ఉన్నారు. దానికి కారణాలు ఏ పట్టీకీ అందవు. పనిస్థలంలో మరుగుదొడ్డి లేక, నీళ్లు తాగితే బయటికి పోవలసి వస్తుందని రోజంతా గొంతు తడుపుకోకుండా గడిపే మహిళా కూలీల విషయంలో, చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థకు చెందిన విద్యా వేణుగోపాల్ బృందం తమిళనాడులో చేసిన పరిశోధనలు ఈ కోణాన్ని స్పష్టంగా ముందుకు తెచ్చాయి. అక్కడ కావలసిన పరికరం తలుపూ గొళ్లెమూ నీటి వసతీ ఉన్న మరుగుదొడ్డి.

ఎక్కువ తాగమని మాత్రమే హెచ్చరించే పరికరంలో మరో ప్రమాదం పొంచి ఉంది. ఉప్పు లేని నీళ్లు మితిమీరి తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన పరుగువీరుల్లో 13 శాతం మందికి ఈ స్థితి కనిపించింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ అయిన నియోష్ పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక కప్పు చొప్పున తాగమని చెబుతూనే గంటకు సుమారు లీటరున్నర దాటవద్దనడం ఇందుకే. ఉప్పేసిన మజ్జిగ, గంజి, అంబలి తాగే అలవాటు ఇక్కడి శ్రామికులకు ఉండటం ఈ విషయంలో మేలే చేస్తుంది. ఏమైనా, షిఫ్టు ముందూ తర్వాతా శ్రామికుణ్ణి తూచే ఒక మామూలు కాటా, మూత్రపు రంగు చూసుకునే ఒక పట్టిక కలిసి ఇచ్చే సమాచారం నేటి చెమట పట్టీ ఇచ్చేదాని కంటే తక్కువేమీ కాదు. ఖర్చులో ఉన్న వ్యత్యాసం సంగతి చెప్పనక్కర్లేదు.

నీటి కొరతను తక్షణ ప్రమాదంగానే చూడటం వల్ల దీర్ఘకాలిక హాని మరుగున పడుతుంది. మధ్య అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు నరికే కూలీల్లో, మధుమేహం గాని రక్తపోటు గాని లేని యువకుల్లో, మూత్రపిండాలు చెడిపోతున్న తీరుపై జరిగిన పరిశోధనలు పదేపదే వచ్చే ఉష్ణభారాన్ని ప్రధాన అనుమానితునిగా నిలబెట్టాయి. నీరు, నీడ, విశ్రాంతి పెంచిన చోట మూత్రపిండాల దెబ్బ తగ్గినట్టు అక్కడి చక్కెర కర్మాగారాల్లో గమనించారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి తోటల్లో పనిచేసేవారిని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కూడా ఎండలో శ్రమ, నీటి కొరత కారణం కావచ్చన్న వాదన ఉంది. తాగునీటిలోని రసాయనాలు, పురుగుమందులు, వంశపారంపర్యం కూడా చర్చలో ఉన్నాయి, ఏదీ నిర్ధారణ కాలేదు. ఒక ఊరి శ్రామికుల ఒంటి వేడినీ, నీటి నష్టాన్నీ కొన్నేళ్లపాటు నమోదు చేస్తే ఆ చర్చకు దొరికే ఆధారం, ఒక మనిషికి ఒక మధ్యాహ్నం మోగే హెచ్చరిక కంటే విలువైనది కావచ్చు.

ఇటువంటి వాడకానికి దగ్గరగా వచ్చిన ఉదాహరణ ఖతర్. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లిన కుటుంబాలకు ఆ దేశపు ఎండ కొత్త కాదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నిర్మాణాలపై విమర్శలు వెల్లువెత్తిన తర్వాత, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఖతర్ కార్మిక శాఖల కోరికపై గ్రీసులోని థెస్సలీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రియాస్ ఫ్లూరిస్ బృందం 2019 వేసవిలో నిర్మాణ స్థలంలోను, వ్యవసాయ క్షేత్రంలోను శ్రామికుల దేహ ఉష్ణోగ్రత, పని తీరు, నీటి స్థితి కొలిచింది. తర్వాత 2021లో వచ్చిన ఖతర్ ఉత్తర్వు జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయటి పనిని నిషేధించి, తడి బల్బు గోళ సూచిక 32.1 దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలని విధించి, ప్రమాదం ఉందని భావించిన శ్రామికుడికి పని ఆపే హక్కు ఇచ్చింది. అమలు ఎంతవరకు జరుగుతోందన్నది వేరే చర్చ. గమనించవలసినదేమంటే, కొలతలు కొద్దిమంది ఒంటి మీద కొద్దికాలం జరిగాయి, దాని ఫలితం అందరికీ వర్తించే నియమంగా మారింది, ఆ నియమం పాటించడానికి ఎవరి చేతికీ పట్టీ కట్టనక్కర్లేదు.

జపాన్ మరో దారి పట్టింది. సూచిక 28 గాని గాలి ఉష్ణోగ్రత 31 గాని దాటిన చోట గంటకు మించి ఎడతెగకుండా, లేదా రోజుకు నాలుగు గంటలకు మించి చేసే పనులకు, లక్షణాలు కనిపించినవారిని గుర్తించి చల్లబరచి ఆసుపత్రికి చేర్చే ఏర్పాటును యజమానులకు 2025 జూన్ 1 నుంచి శిక్షతో కూడిన బాధ్యతగా చేసింది. చవకైన హెచ్చరిక పట్టీలు, లోపల చిన్న ఫ్యాన్లు అమర్చిన చొక్కాలు అక్కడ నిర్మాణ రంగంలో మామూలు దృశ్యమయ్యాయి. ఫ్యాన్ చొక్కా చెమటను ఆరబెట్టగలిగినంతకాలం మేలు చేస్తుంది గాని, చర్మం కన్నా చాలా వేడిగా ఉన్న పొడి గాలిని ఒంటికి కొడితే లాభం తగ్గిపోతుంది కాబట్టి కొత్తగూడెం మే నెలకు దాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోలేము.

హెచ్చరిక మోగిన తర్వాత ఏం జరుగుతుందన్న ప్రశ్న దగ్గర సాంకేతిక చర్చ ఆగిపోయి కూలి లెక్క మొదలవుతుంది. ఇటుక బట్టీలో వెయ్యి ఇటుకలకింత, ఉపాధి హామీలో తవ్విన కొలతను బట్టి, చెరకులో టన్నుకింత అని ముట్టే చోట, పావుగంట విశ్రాంతి అంటే పావుగంట కూలి పోవడమే. అలాంటి చోట శ్రామికుడు పట్టీని విప్పి జేబులో వేసుకుంటే తప్పు అతడిది కాదు. పైగా వేడికి దేహం అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అమెరికాలో నమోదైన ఆరుబయటి వడదెబ్బ మరణాల్లో సగానికి పైగా పనిలో చేరిన తొలి కొద్ది రోజుల్లోనే జరిగాయి. మనిషి తీరును కొన్నాళ్లు గమనించి నేర్చుకునే పరికరానికి ఆ తొలి రోజుల్లో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. రోజుకొక మేస్త్రి దగ్గర పనిచేసే అడ్డా కూలీకైతే ప్రతి రోజూ తొలి రోజే. మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలన్న నియోష్ సూచనకు కావలసింది ఓపిక గల మేస్త్రి, పూర్తి కూలి.

సమాచారం ఎవరిదన్న ప్రశ్న ఇంకా తేలలేదు. చండీగఢ్, నాగపూర్ నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులకు జాడ కనిపెట్టే చేతి గడియారాలు కట్టినప్పుడు అవి నిఘాకూ జీతం కోతకూ దారితీస్తాయని కార్మికులు ఆందోళన చేశారు. అదే మణికట్టు మీదికి ఇప్పుడు గుండె వేగమూ చేరితే, తరచుగా హెచ్చరిక మోగే పెద్ద వయసు వారిని కాంట్రాక్టరు నిశ్శబ్దంగా మానిపించడానికి అవకాశం దొరుకుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడం కోసం సమాచారాన్ని వాడటానికి వేరుగా సమ్మతి అవసరం లేని మినహాయింపును ఏడో సెక్షన్‌లో ఇచ్చింది గనుక, శ్రామికుడికి ఆ చట్టం నుంచి దొరికే ఆసరా పలచన. మరోవైపు, వడదెబ్బ మరణానికి తెలంగాణ ప్రభుత్వం 2025లో పరిహారాన్ని నాలుగు లక్షల రూపాయలకు పెంచింది. చనిపోయే ముందు ఒంటి వేడి ఎంత ఉందో రాసిపెట్టినవారు లేక ఇలాంటి మరణాలు గుండెపోటు ఖాతాలో పడిపోతుంటాయి, అక్కడ పరికరంలోని నమోదు కుటుంబానికి సాక్ష్యంగా నిలవగలదు. ఆ నమోదు యజమాని సర్వర్‌లో ఉండిపోతే ఆ సాక్ష్యం కూడా అతడి చేతిలోనే ఉంటుంది.

ఈ స్థితిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, విశాఖ ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్లు వంటి, స్థిరమైన కార్మికులూ వైద్య విభాగమూ యూనియన్లూ ఉన్న చోట్ల ఈ పరికరాలను మొదట పరీక్షించడం సబబు. పేలుడు వాయువులు ఉండే భాగాల్లో నిప్పురవ్వ పుట్టించని పరికరాలకే అనుమతి ఉంటుంది గనుక బజారు గడియారాలు అక్కడ పనికిరావు. ప్రతి ఒక్కరికీ కట్టే బదులు, ఇష్టపూర్వకంగా ముందుకొచ్చిన కొద్దిమందికి వేసవి మొదట్లోను నడివేసవిలోను కొన్ని వారాలు కట్టి, పేర్లు తీసేసిన ఆ కొలతలను వైద్య విభాగమూ యూనియనూ కలిసి చూసి, ఏ పనికి ఏ సూచిక దగ్గర ఎన్ని నిమిషాల విశ్రాంతి కావాలో తేల్చుకోవచ్చు. 250 మందికి మించి పనిచేసే కర్మాగారంలో వేసవిలో చల్లని తాగునీరు అందించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ ఎప్పుడో విధించింది. విశ్రాంతి నిమిషాలకూ, ఆ నిమిషాల కూలికీ అంత స్పష్టమైన సెక్షన్ ఇంకా రాయవలసి ఉంది.